వార్షిక నివేదిక: పండగలు, పద్దులు, ఒక నారింజ చెట్టు

సభ్యులందరికీ నమస్కారం.

మన తెలుగు సంఘం సర్వసభ్య సమావేశానికి ముందు పంపే కార్యదర్శి నివేదిక ఇది. జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు ఇప్పటికే విడిగా పంపారు. దాని మీద సందేహాలుంటే సమావేశంలో ఆయన్నే అడగండి. పండగల సంగతి మీకు తెలిసిందే కాబట్టి రెండు ముక్కల్లో ముగిస్తాను. ఈసారి ఎక్కువ చోటు స్థానిక చరిత్ర కార్యక్రమానికి ఇస్తున్నాను. కమిటీలో వాదులాట జరిగిందీ దాని గురించే, ఏడాది చివర్లో చాలామంది మళ్లీ పెట్టమని అడిగిందీ దాన్నే.

సంక్రాంతి ముగ్గులు, ఉగాది పంచాంగ శ్రవణం, బతుకమ్మ, దీపావళి యథావిధిగా జరిగాయి. ఉగాది పచ్చడికి వేపపువ్వు ఈసారీ ఎండుదే దొరికింది. ఆదివారం తెలుగు తరగతులు ఆగకుండా నడిచాయి. చెప్పేవాళ్లు ఇంకా కావాలి, ముఖ్యంగా అక్షరాలు దిద్దే పిల్లలకు. హాలు అద్దె పెరిగింది. భోజనాల దగ్గర రెండు కౌంటర్లు పెట్టాలన్న సూచనను సంక్రాంతి నుంచి అమలు చేస్తాం.

ఇక చరిత్ర కార్యక్రమం. మనలో ఎక్కువమంది ఉండేది దక్షిణ కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్, ఆంటారియో, రాంచో కుకమాంగా, కరోనా ఊళ్లలో. ఇప్పుడు గోడౌన్లు, ఫ్రీవేలు కనిపించే ఈ నేలంతా ఒకప్పుడు నారింజ తోటలు. ఆ తోటల పేరు చెప్పి ఈ ఊళ్లను దేశమంతా తిరిగి ఎలా అమ్మారో తెలుసుకుందామన్నది ఆలోచన. "మనది తెలుగు సంఘమా, హిస్టరీ క్లబ్బా?" అని కమిటీలో ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఇంకో పెద్దాయన అన్న మాటతో తీర్మానం గట్టెక్కింది: "ఇక్కడ ఇల్లు కొనేటప్పుడు మనం ఏం చూశాం? స్కూలు, ఫ్రీవే, కిటికీలోంచి కొండ. మనకంటే ముందొచ్చినవాళ్లు ఏం చూసి కొన్నారో తెలుసుకుంటే తప్పేముంది?"

వాళ్లు చూసింది ముందుగా ఒక కాగితం. జాన్ నార్త్ అనే జడ్జి టెనెసీలోని నాక్స్‌విల్‌లో ఉండగా 1870 మార్చిలో ఒక కరపత్రం వేయించాడు. కాలిఫోర్నియాలో కాలనీ పెడుతున్నాం, కష్టపడే మంచి కుటుంబాలు రండి, బడి, చర్చి, గ్రంథాలయం అన్నీ ఉంటాయి అని దాని సారాంశం. అప్పటికి ఆయన చేతిలో సెంటు భూమి లేదు, ఎక్కడ కొనాలో కూడా తేలలేదు. మనవాళ్లు దీన్ని ప్రీ లాంచ్ ఆఫర్ అంటారు. చివరికి పట్టుపురుగుల పెంపకం కోసమని ఒక కంపెనీ తీసుకుని చతికిలబడ్డ నేలను ఆ ఏడే కొన్నారు. శాంటా ఆనా నది నుంచి కాలవ తవ్వి, 1871లో నీళ్లు తెచ్చారు. అదే రివర్‌సైడ్. ఏ పంట నిలబడుతుందో మొదట్లో ఎవరికీ స్పష్టంగా తెలీదు.

తేల్చింది ఒక మొక్క. బ్రెజిల్‌లోని బాహియా నుంచి వాషింగ్టన్‌లోని వ్యవసాయ శాఖకు గింజలేని నారింజ అంట్లు వచ్చాయి. అక్కడి తోటల అధికారి విలియం సాండర్స్ వాటిలో కొన్నిటిని 1873లో ఎలైజా టిబెట్స్ అనే రివర్‌సైడ్ ఇల్లాలికి పంపాడు. కాలవ కంపెనీతో ఆమె భర్తకు తగాదా ఉండటంతో గిన్నెలు తోమిన నీళ్లే పోసి ఆ మొక్కలను ఆమె బతికించిందని ఇక్కడ చెప్పుకుంటారు. పండు తియ్యన, తొక్క సులువుగా వస్తుంది, శీతాకాలంలో కోతకొస్తుంది, రైల్లో వారాల తరబడి పోయినా పాడవదు. 1884–85లో న్యూ ఆర్లియన్స్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో రివర్‌సైడ్ నారింజకు బంగారు పతకాలు వచ్చాయి. ఆ తర్వాత అంటు పుల్లల కోసం జనం ఎగబడి, దొంగతనాలు మొదలై, చెట్ల చుట్టూ ముళ్లకంచె వేయాల్సి వచ్చింది. అయినా భర్త లూథర్ ఆస్తంతా పోగొట్టుకుని 1902లో బీదగానే పోయాడు. ఊరికి సిరి తెచ్చిన ఇంట్లో సిరి నిలవలేదు.

ఆమె పెంచిన ఆ చెట్లలో ఒకటి, తల్లి చెట్టు, మాగ్నోలియా, ఆర్లింగ్టన్ అవెన్యూలు కలిసేచోట ఇప్పటికీ బతికే ఉంది. మేం వెళ్లినప్పుడు దాని మీద తెల్లటి వల పందిరి ఉంది. పిల్లలు "ఇంతేనా?" అన్నారు. చూడ్డానికి నిజంగా ఇంతే. గింజ లేదు కాబట్టి అంటు తప్ప దారి లేదు, ప్రపంచంలో ఈ రకం నారింజ తోటలు చాలావరకు ఇలాంటి అంటు పుల్లల వంశమే అని చెప్పాక అందరూ ఫోన్లు తీశారు. అనంతపురంలో చీనీ తోట ఉన్న ఇంటి నుంచి వచ్చిన ఒక సభ్యురాలు ఆ సాయంత్రం కన్ను అంటు, అంటే మొగ్గతో అంటు, ఎలా కడతారో చూపించారు. బెరడును కత్తి మొనతో నిలువుగా, అడ్డంగా కోసి, రెండు పెదాల్లా విప్పి, డాలు ఆకారంలో చెక్కిన కన్నును లోపలికి జొనిపి, గాలి దూరకుండా పట్టీ చుట్టారు. కన్ను పైకే ఉండాలి, తలకిందులైతే అంతే సంగతులు. మనూళ్లో జంబేరి నిమ్మ మొక్క మీద కడతాం అంటూ ఆవిడ దీన్ని గులాబీ కొమ్మ మీదే చేసి చూపించారు. నారింజ కొమ్మ ఎందుకు వాడలేదో కింద చెప్తాను.

కార్యక్రమంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన భాగం ఆంటారియో. కెనడా నుంచి వచ్చిన జార్జ్ చాఫీ, విలియం చాఫీ అన్నదమ్ములు ముందు ఎటివాండాలో, 1882లో ఆంటారియోలో కాలనీలు వేశారు. ప్రచారంలో వాళ్లూ తక్కువ తినలేదు. యూక్లిడ్ అవెన్యూను 200 అడుగుల వెడల్పున కొండ దాకా గీశారు, మధ్యలో చెట్ల వరసలు నాటించారు. రైలు వచ్చే వేళకు స్టేషన్ దగ్గర ఫౌంటెన్ తిప్పేవారని, రైలు పోగానే కట్టేసేవారని ఒక కథ ఉంది. 1887లో ఆ రోడ్డు మీద కంచరగాడిదల ట్రాము నడిచింది. గాడిదలు పెట్టెను ఎగువకు లాగుతాయి. దిగేటప్పుడు వెనకున్న చిన్న బల్లబండి ఎక్కి, ప్రయాణికులతో పాటే దర్జాగా కిందికి జారుకుంటూ వస్తాయి. పిల్లలకు చరిత్రంతటిలో గుర్తున్నది ఇదొక్కటే.

కానీ చాఫీల అసలు తెలివి ఫౌంటెన్‌లో లేదు. భూమి కొన్న ప్రతివాడికీ ఎకరాల లెక్కన నీటి కంపెనీలో వాటాలిచ్చారు. నీరు ఎవరో షావుకారు చేతిలో ఉండదు, రైతులే కంపెనీ యజమానులు. శాన్ ఆంటోనియో లోయ నీటి కోసం 1882లో పెట్టిన ఆ కంపెనీ పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. బోరు ఎండి తోట నరికేసుకున్న కుటుంబాలు మనలో ఉన్నాయి, వాళ్లకు ఈ ఏర్పాటు విలువ వేరే చెప్పక్కర్లేదు. 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో నీటిపారుదల కాలనీ అంటే ఇలా ఉండాలని ఆంటారియో నమూనానే పెట్టారు.

నీళ్లు లేకుండా మ్యాపు మాత్రమే అమ్మినవాళ్ల సంగతి 1887లో తేలింది. సదరన్ పసిఫిక్‌కు పోటీగా శాంటా ఫే రైలు దక్షిణ కాలిఫోర్నియాకు చేరగానే రెండు కంపెనీలూ చార్జీలు తగ్గించుకుంటూ పోయాయి. మధ్య రాష్ట్రాల నుంచి 125 డాలర్ల దాకా ఉన్న టికెట్టు 1887 మార్చి 6న ఒక రోజు ఒక్క డాలరుకు దిగింది. జనం వరదలా వచ్చారు. బ్యాండు మేళం, ఉచిత భోజనం, రంగుల పటాలు, అక్కడికక్కడే వేలం. ఎడారిలోని జాషువా చెట్లకు నారింజ పండ్లు గుచ్చి, తోటలని చూపించి ప్లాట్లు అమ్మారన్న కథ కూడా అప్పటిదే. 1888 వచ్చేసరికి ఆ బూమ్ గాలి పోయింది. పదుల కొద్దీ ఊళ్లు కాగితం మీదే మిగిలిపోయాయి. ఇది చెబుతున్నప్పుడు హాల్లో నవ్వులు ఎందుకు వచ్చాయో మీకు తెలుసు. శని, ఆదివారాల్లో హోటల్ హాళ్లలో జరిగే మన ప్లాట్ల మేళాలకు వెళ్లనివారు మనలో తక్కువ. ఒక సభ్యుడు తన ఫోన్లో ఉన్న వెంచర్ బ్రోచర్ తీసి చదివారు: రాబోయే రింగు రోడ్డు, రాబోయే స్టేషన్, రాబోయే యూనివర్సిటీ. నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో అందులో ఒక్క వాక్యం లేదు.

బూమ్ పోయాక పద్ధతి మారింది. భూమిని వదిలి పండును ముందుకు తోశారు. 1893 షికాగో ప్రదర్శనలో నారింజలతో గోపురం నిలబెట్టారు. రైతులు తమ సహకార సంఘం ద్వారా, రైలు కంపెనీ డబ్బు తోడుగా, 1907–08లో అయోవా రాష్ట్రాన్ని ఎంచుకుని జెండాలు కట్టిన నారింజ రైళ్లు పంపారు. "ఆరోగ్యానికి నారింజ, ఐశ్వర్యానికి కాలిఫోర్నియా" అన్నది నినాదం. మంచులో కూర్చున్న అయోవా రైతు పండూ కొంటాడు, ఎప్పుడో ఒకనాటికి పొలం అమ్ముకుని ఇటూ వస్తాడు. ఒకే ప్రకటనతో రెండు పనులు. సన్‌కిస్ట్ పేరు పుట్టింది ఆ ప్రచారంలోనే. పెట్టెల మీద అంటించే రంగుల లేబుళ్లలో మంచుకొండ, దాని కింద పచ్చటి తోట, నీలాకాశం. మన పిల్లలతో కూడా తెలుగులో అలాంటి లేబుళ్లు వేయించాం. "అమ్మమ్మ తోట బత్తాయిలు" అని ఒక పాప వేసినదాన్ని ఈ ఏడాది క్యాలెండరు అట్ట మీద వాడుతున్నాం.

ఆ లేబుళ్లలో కోత కోసేవాళ్లు అరుదుగా కనిపిస్తారు. మొదట్లో ఆ పని ఎక్కువగా చైనీయులది. చైనా కూలీలను రానివ్వని 1882 చట్టంతో కొత్తవాళ్లు రావడం ఆగాక జపనీయులు, కొరియన్లు, ఆ తర్వాత మెక్సికన్లు. రివర్‌సైడ్‌లోని పచాపా క్యాంపు తోటల్లో కూలి చేసుకున్న కొరియన్ల వాడ, కొరియా స్వాతంత్ర్య నాయకుడు ఆన్ చాంగ్ హో 1905 ప్రాంతంలో దాన్ని నిలబెట్టాడు. తల్లి చెట్టున్న మాగ్నోలియా అవెన్యూ మీదే ఉన్న షెర్మన్ బడి నుంచి మూలవాసుల పిల్లలను తోట పనులకు పంపేవారు. నేల అంతకుముందు వాళ్ల తాతలది. కరపత్రాల్లో మాత్రం ఖాళీ నేల.

మన దేశం వాళ్లూ ఈ కథలో ఉన్నారు. జార్జ్ చాఫీ ఆస్ట్రేలియాలో మిల్డురా కాలనీ పెట్టి, దివాలా తీసి తిరిగొచ్చాక, దక్షిణాన ఎడారికి నీళ్లు మళ్లించే పనికి దిగాడు. ఎడారి అంటే ఎవరూ రారని దానికి ఇంపీరియల్ లోయ అని పేరు పెట్టాడు. అక్కడికి వచ్చినవాళ్లలో పంజాబీ రైతులు ఉన్నారు. పౌరులు కాలేని విదేశీయులు భూమి కొనకూడదన్న 1913 కాలిఫోర్నియా భూచట్టం, 1923లో భారతీయులకు పౌరసత్వం చెల్లదన్న సుప్రీంకోర్టు తీర్పు కలిసి వాళ్లకు సొంత భూమి లేకుండా చేశాయి. ఇక్కడ పుట్టిన పిల్లల పేరు మీద పెట్టుకుని నెట్టుకొచ్చినవాళ్లున్నారు. అదే లోయలో సేద్యం చేసిన దలీప్ సింగ్ సౌంద్ 1956లో అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికయ్యారు. ఆయన నియోజకవర్గంలో మన రివర్‌సైడ్ కౌంటీ కూడా ఉంది. ఇన్నేళ్లుగా ఇక్కడుంటూ ఈ సంగతి మనలో చాలామందికి తెలీదు.

ఇప్పుడు గులాబీ కొమ్మ సంగతి. నారింజ జాతిని చంపే పచ్చతెగులును మోసే పురుగు 2008లో కాలిఫోర్నియాలో కనబడింది, 2012లో తెగులూ వచ్చింది. తల్లి చెట్టు మీద వల వేసింది అందుకే. ఆ పురుగుకు కరివేపాకు మొక్క కూడా ఇష్టం. మన ప్రాంతంలో క్వారంటైన్ నిబంధనలున్నాయి. అందుచేత కార్తీక వనభోజనాల్లో మొక్కలు పంచుకునే అలవాటు నుంచి కరివేపాకు, నిమ్మ, నారింజ మొక్కలను తీసేశాం. కొంతమంది ఆడవాళ్లకు కోపం వచ్చింది, నిజమే. తులసి, మల్లె, మందారం తెచ్చుకోవచ్చు. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల సూట్‌కేసుల్లో పచ్చి కరివేపాకు పెట్టించొద్దని మరోసారి మనవి. పెరట్లో నిమ్మ చెట్టు ఆకులు ఒక పక్క పచ్చగా, ఒక పక్క పసుపుగా మచ్చలు పడితే కౌంటీ వ్యవసాయ శాఖకు ఫోన్ చేయండి.

వచ్చే ఏడాది వనభోజనాలు రివర్‌సైడ్‌లోని సిట్రస్ చరిత్ర పార్కులో పెట్టాలని కమిటీ ప్రతిపాదన. ఉసిరి కొమ్మ దొరకదు కాబట్టి కుండీలో ఉన్న ఉసిరి మొక్కను ఒక సభ్యుడు తెస్తానన్నారు. ఇంపీరియల్ లోయకు ఒక రోజు బస్సు యాత్ర కూడా అడుగుతున్నారు. బస్సు ఖర్చు సంఘం భరించాలా, వెళ్లేవాళ్లు పంచుకోవాలా అన్నది సర్వసభ్య సమావేశమే తేల్చాలి. సభ్యత్వ రుసుము ఇంకా కట్టనివారు ఆ లోపు కడితే ఓటు హక్కు ఉంటుంది.

కమిటీ తరఫున,
కార్యదర్శి