బిడ్డా, మన ఊరి పంచాయతీ ఈ ఏడాది ఏం చేసిందంటే

30 డిసెంబర్ 2020

బిడ్డా,

ఇంగ్లండ్‌లో మీ లెస్టర్ కౌన్సిల్ వాళ్లు ఏడాది చివర ఇంటింటికీ వేసిన కాగితాలు ఫొటో తీసి పంపి, నువ్వూ సర్పంచ్‌వే కదమ్మా, నీ ఊరివాళ్లకు నువ్వేం రాస్తావు అని అడిగావు. ఊరివాళ్లకు నేను రాయాల్సిన పని లేదు, వాళ్లు పొద్దున్నే మన అరుగు మీదికి వచ్చి లెక్క అడిగే పోతారు. చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. ఈసారి ఎండాకాలం మొత్తం అది కుదరలేదు గానీ, అడిగేవాళ్లు అడగడం మానలేదు. అందుకే ఇది నీకు రాస్తున్నా. పొడుగవుతుంది, టీ పెట్టుకుని కూర్చో.

పై ఆఫీసుకు పంపే రిపోర్టు అయితే మన సెక్రటరీ పది నిమిషాల్లో నింపేస్తాడు. ట్రాక్టర్ ఉందా, ఉంది. ట్యాంకర్, ఉంది. డంపింగ్ యార్డు అయింది, ఊరి శ్మశానానికి కట్టే వైకుంఠధామం గోడలు లేచాయి, పల్లె ప్రకృతి వనంలో మొక్కలు పెట్టాం, నాటినవాటిలో నూటికి 85 బతకాలి, బతక్కపోతే నాకూ సెక్రటరీకీ నోటీసు. వైకుంఠధామం బిల్లు ఇంకా పూర్తిగా రాలేదు, మీ బాపు సిమెంటు కొట్టులో తన పేరు మీద బాకీ పెట్టి పని ఆగకుండా చూశాడు, ఆ మాట రాయడానికి ఫారంలో గడి లేదు. నాకు వచ్చే గౌరవ వేతనం నెలకు 5,000, అందులోంచి ఆ బాకీ తీరాలంటే నేను ఇంకో రెండు సార్లు గెలవాలి అని మీ బాపు ఎగతాళి.

సరే, మార్చి నుంచి చెప్తా. 22న జనతా కర్ఫ్యూ, ఆ సాయంత్రమే రాష్ట్రమంతా లాక్‌డౌన్ అన్నారు. అంతకు కొద్ది రోజుల ముందే కరీంనగర్‌లో ఇండోనేషియా నుంచి వచ్చినవాళ్లకు పాజిటివ్ అని తేలింది కదా, జగిత్యాల దాకా భయం అప్పటికే పాకింది. మర్నాడు తెల్లారేసరికి ఊరి రెండు దారుల్లోనూ తుమ్మకంప అడ్డం వేసి, పిల్లలు కర్రలు పట్టుకుని వంతులేసుకుని కాపలా కూర్చున్నారు. పాలవాణ్ని రానివ్వలేదు. మందుల షాపుకు పోయొస్తున్న ముసలాయన్ని ఆపి ఆధార్ చూపమన్నారు, ఆపిన పిల్లాడికి ఆయన వరసకు తాత. నేను పోయి, అంబులెన్స్ ఎట్లా వస్తుందిరా అంటే, మీరు ఇంట్లో ఉండండి పెద్దమ్మా, మేం చూసుకుంటాం అన్నారు. డప్పు చాటింపు వేయించా, మైకులో చెప్పించా, ఎస్సై గారిని పిలిపించి చెప్పించా. ఒకరోజు తీసేవాళ్లు, మర్నాటికి మళ్లీ కంప.

చివరికి ఆ కంపను తీయించింది వడ్లు. ఏప్రిల్‌లో యాసంగి కోతలు మొదలయ్యేసరికి కోత మిషన్ రావాలి, లారీ రావాలి, గన్నీ సంచులు రావాలి. హోలీకి పోయిన బిహార్ హమాలీలు తిరిగి రాలేదు కాబట్టి ఎక్కడెక్కడి నుంచో మనుషులను తెచ్చుకోవాలి. కరోనా వల్ల మార్కెట్‌కు పోవద్దని కొనుగోలు సెంటర్ ఊళ్లోనే పెట్టి, టోకెన్లు ఇచ్చి, నీ వంతు వచ్చినప్పుడే వడ్లు తెచ్చుకో అన్నారు. తాలు గింజ ఉందని, తూకంలో తరుగు పోతుందని మామూలు గొడవలు ఉండనే ఉన్నాయి. కానీ ఎవరి వడ్లు వాళ్ల ఊళ్లోనే కాంటా కావడం చిన్న సంగతి కాదు. మొన్న 27న ముఖ్యమంత్రి ఇక ఊళ్లలో కొనుగోలు కేంద్రాలు ఉండవన్నారు, కరోనా అని పెట్టాం, వేల కోట్ల నష్టం వచ్చింది అని. ఇప్పుడు మన అరుగు మీద ఇదే మాట. వచ్చే యాసంగికి ఏం చేయాలని నన్ను అడుగుతున్నారు, నేనేం చెప్పను?

నాకు మింగుడు పడనిది ఏమంటే, ఏ జిల్లావాడో తెలియని మిషన్ డ్రైవర్‌కు మంచం వేసి కూర వండి పెట్టినవాళ్లే, నెల తిరక్కుండా బొంబాయి నుంచి వస్తున్న సొంత ఊరి పిల్లలను ఊళ్లోకి రానివ్వొద్దని మన గేటు ముందు కూర్చున్నారు. మేలో బొంబాయి, భివండీ నుంచి బండ్లు మాట్లాడుకుని ఒక్కొక్క గుంపే దిగింది. దుబాయ్ నుంచి విమానంలో వచ్చినవాళ్ల బాధ అంత లేదు, వాళ్లను హైదరాబాద్‌లోనే పెట్టేవారు. బొంబాయి వాళ్లు నేరుగా పొలిమేరకే వచ్చారు, చేతి మీద ముద్ర, పిల్లాపాపలతో. 14 రోజులు ఇంట్లో ఉండమంటే ఒక్క గది ఇంట్లో ముసలి తల్లీ చంటిపిల్లా ఉంటే ఎక్కడ ఉంటారు? బడి తాళం తీయించాం.

బడి పక్క ఇళ్లవాళ్లు ఊరుకుంటారా. బోరు ఒకటే, మేం ఆ నీళ్లు తాగం అన్నారు, ట్యాంకర్‌తో వేరే పోయించాం. గాలి మా వైపే కొడుతుంది అన్నారు, దానికి నా దగ్గర ట్యాంకర్ లేదు. బడిలో వంట చేసే ఆవిడ మొదట రానంది, తన మేనల్లుడూ ఆ గుంపులోనే ఉన్నాడని తెలిశాక వచ్చి, అందరికంటే ముందు వాడికే పెట్టేది, అది వేరే పంచాయితీ. నేను పగలంతా మొహం గట్టిగా పెట్టుకుని తిరిగి, రాత్రి మీ బాపు దగ్గర తిట్టుకునేదాన్ని. ఆశా అమ్మాయి మాత్రం రోజూ రెండు పూటలా వచ్చి జ్వరం చూసి రాసుకునేది, ఆమె ఇంట్లోనే అత్త ఆమెను వసారాలో పడుకోబెట్టిందట. బడిలో టాయిలెట్లు కడిగింది మన సఫాయి వాళ్లు. వాళ్ల జీతం 8,500, అదీ పంచాయతీ ఖాతాలోంచే, ట్రాక్టర్ కిస్తీ, వీధి లైట్ల కరెంటు బిల్లు కట్టాక మిగిలిన దాంట్లోంచి. కేంద్రం ఇచ్చే ఆర్థిక సంఘం డబ్బుల్లో సగం నీళ్లకూ పారిశుద్ధ్యానికే వాడాలి, వాడాం, కానీ జీతం ఆలస్యమైతే వాళ్ల ముందు నిలబడాల్సింది నేను.

చెక్కు సంగతి నీకు చెప్పానా? 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక చెక్కు మీద నాతో పాటు ఉప సర్పంచ్ కూడా సంతకం పెట్టాలి. ఆయన అవతలి గుంపు మనిషి, బ్లీచింగ్ పౌడర్ కొనాలన్నా ఆయన చుట్టూ తిరగాలి. మార్చి చివర్లో వీధుల్లో కొట్టే హైపోక్లోరైట్ మందు చెక్కు మాత్రం అడక్కముందే సంతకం పెట్టి, మొదట మా వాడలోనే కొట్టించండి వదినా అన్నాడు. భయం ఉన్నంతకాలం మా ఇద్దరికీ భలే పొత్తు కుదిరింది. సెప్టెంబర్ నుంచి మళ్లీ మామూలే.

రేషన్ దగ్గర అనుకున్నంత గొడవ కాలేదు, మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1,500. డబ్బు ఖాతాలో పడనివాళ్లను వెంటబెట్టుకుని పోస్టాఫీసుకు పంపడమే పని. ఇటుకబట్టీల దగ్గరున్న ఒడిశా వాళ్ల జాబితా రాయడమే కష్టమైంది. మనిషికి 12 కిలోలు, 500 రూపాయలు ఇమ్మన్నారు. వాళ్ల భాష మనకు రాదు, బట్టీ మేస్త్రీ చెప్పిన లెక్క సెక్రటరీకి నమ్మకం కలగలేదు. వాడు తనే పోయి గుడిసె గుడిసెకూ తల లెక్కపెట్టి వచ్చాడు. చిన్నపిల్లాడు, నెలకు 15,000, మూడేళ్ల ప్రొబేషన్, పొద్దున్న అయిదున్నరకు ఎవరో ఫోన్ చేసి డ్రైనేజీ ఫొటో పెట్టమంటారు. అక్టోబర్‌లో ఆస్తుల రికార్డు పోర్టల్ ధరణి కోసం ఇళ్ల సర్వే అన్నప్పుడు వానలో గొడుగు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు, ఆధార్ ఎందుకు ఇవ్వాలని జనం వాణ్నే తిట్టారు, ఆ తర్వాత హైకోర్టు ఆగమంది. వాడికి పెళ్లి సంబంధాలు చూస్తున్నారు, మంచి పిల్ల ఉంటే చెప్పు.

నీతో చదివిన ఆ పొడుగమ్మాయి గుర్తుందా, ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది? బడులు మూసేశాక జీతం ఆగిపోయింది. మేలో ఒకరోజు పంచాయతీ ఆఫీసుకు వచ్చి, అందరూ పోయేదాకా బయటే నిలబడి, జాబ్ కార్డు కావాలి ఆంటీ అంది. ఈ ఏడాది ఉపాధి హామీ కూలీ రోజుకు 237 చేశారు, పని కూడా అడిగినంత ఇచ్చాం, చెరువు పూడికలోకి పోయింది. మొదట్లో మొహానికి స్కార్ఫ్ కట్టుకుని వచ్చేది, అందరూ కట్టుకుంటున్నారు కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. తర్వాత తనే కూలీల పని చూసే మేట్ దగ్గర కొలతల లెక్కలు సరిచూడటం మొదలుపెట్టింది. ఇప్పుడు మేట్‌కు ఆమె అంటే హడల్. సెప్టెంబర్ 1 నుంచి టీవీలో పాఠాలు మొదలయ్యాయి కదా, యాదగిరి చానల్లో, టీశాట్‌లో. టీవీ లేని పిల్లలను పంచాయతీ హాల్లో కూర్చోబెడితే, పాఠం అయ్యాక అర్థం కానిది చెప్పేదీ ఆమే. దానికి ఇవ్వడానికి మా దగ్గర ఏ పద్దూ లేదు.

జూలైలో కరోనాతో పోయినాయన సంగతి ఫోన్లో సగమే చెప్పా. ఆ రోజుల్లోనే పెద్దపల్లిలో శవాన్ని తీసుకుపోవడానికి ఎవరూ ముందుకు రాకపోతే డాక్టరే ట్రాక్టర్ నడిపాడు, పేపర్లో చూసే ఉంటావు. మన దగ్గరా బంధువులు దూరంగా చెట్టు కింద నిలబడ్డారు, శ్మశానం దగ్గరి పొలంవాళ్లు ఇక్కడ వద్దన్నారు. సఫాయి వాళ్లు పీపీఈ కిట్లు వేసుకుని పంచాయతీ ట్రాక్టర్‌లోనే తీసుకుపోయారు. గేటు కూడా బిగించని వైకుంఠధామంలో మొదట కాలింది ఆయనే. ట్రాక్టర్‌ను మందు కొట్టి కడిగించి, ఎండలో పెట్టి, మళ్లీ కడిగించినా చాలా రోజులు ఆడవాళ్లు దాంట్లో చెత్త వేయడానికి రాలేదు, డ్రమ్ములు ఇళ్ల ముందే నిండిపోయాయి. నేనే చేటలో చెత్త పట్టుకుపోయి ట్రాక్టర్‌లో వేసి రావాల్సి వచ్చింది, అదీ అందరూ చూసేలా నాలుగు వీధులు తిరిగి.

ఆ వారంలోనే నువ్వు ఫోన్ చేశావు. జూలై 4న ఇంగ్లండ్ అంతా తెరిచి మీ లెస్టర్‌ను మాత్రం మూసే ఉంచారని, ఆఫీసులో వేరే ఊరివాళ్లు మీరు లెస్టర్ వాళ్లా అని అడిగి వెనక్కి జరిగినట్టు మాట్లాడుతున్నారని ఏడ్చావు. మేమేం తప్పు చేశామమ్మా అన్నావు. ఆ మాట నేను పంచాయతీ మీటింగులో చెప్పాను, నీ పేరు పెట్టే చెప్పాను. కొందరు తల వంచుకున్నారు. ఒకాయన మాత్రం, ఆ దేశం సంగతి వేరు అన్నాడు.

ఇప్పుడు ఆయనే నిన్న పొద్దున ఫోన్ చేశాడు, అమ్మాయి వచ్చిందా అని. నువ్వు పండుగకు వస్తావని మన ఇంట్లోవాళ్లు చాటిన సంగతి అందరికీ తెలుసు కదా. లండన్ కొత్త వైరస్ అని టీవీలో రోజంతా అదే, మన హైదరాబాద్ సీసీఎంబీ ల్యాబ్‌లోనే రెండు శాంపిళ్లలో దొరికిందన్నారు, ఇంకేముంది. సాయంత్రానికి ఇంకో ముగ్గురు వచ్చారు, పాలు పోసే నెపం మీద ఒకరు, ఊరికే ఒకరు, మేడ మీదికి తొంగి చూసి పోయినాయన ఇంకొకరు. మీ బాపుకు కోపం వచ్చి, వచ్చింది, బీరువాలో దాచాం అన్నాడు. అట్లా అనకూడదు, అది రాత్రికి ఊరంతా నిజమై కూర్చుంటుంది.

నేను ఇవాళ మైకులోనే చెప్పించాను. సర్పంచ్ బిడ్డ రాలేదు, విమానాలు ఆగినాయి, వచ్చినప్పుడు బొంబాయి పిల్లలకు ఏ పద్ధతో ఆమెకూ అదే పద్ధతి అని. కాబట్టి ముందే చెప్తున్నా, తర్వాత అలగొద్దు. విమానాలు జనవరి 7 దాకా లేవని ఇవాళ పొడిగించారు, ఆ తర్వాత నడిచినా ఎయిర్‌పోర్టులో టెస్టు చేస్తారు. నెగెటివ్ వచ్చినా సరే 14 రోజులు మేడ మీది గదే. ఆశా అమ్మాయి కిందినుంచే పిలిచి అడుగుతుంది, జ్వరం చూసుకుని నువ్వే చెప్పాలి. నానమ్మ ఎంత పిలిచినా కిందికి దిగొద్దు, ఆమె పిలుస్తుంది, భోగి నాడు తప్పకుండా పిలుస్తుంది. మేడ మీద నుంచి రీల్ డబ్బాతో కార్తీక్‌గాడి గాలిపటాలు తెంపుకో, దానికి ఎవరూ అడ్డు చెప్పరు.

టీకా మీ దగ్గర మొదలైంది కదా, మన దగ్గర కృష్ణా జిల్లాలో మొన్న ఉత్తుత్తి రిహార్సల్ చేశారట. ముందు డాక్టర్లు, నర్సులు, ఆశాలు అంటున్నారు. మన సఫాయి వాళ్ల పేర్లు కూడా రాసుకోమని పీహెచ్‌సీలో ఇచ్చి వచ్చా, చూద్దాం అన్నారు, నేను మళ్లీ పోతా.

నువ్వు మాత్రం టికెట్ తీసేముందు, విమానం రద్దయితే డబ్బు వాపసు ఇస్తారో కూపన్ చేతిలో పెడతారో కనుక్కో. పోయినసారి లాగా తొందరపడి తీయకు. సంక్రాంతికి కుదరకపోతే ఉగాదికి రా.

మీ అమ్మ