లక్ష కోట్లు సరే, ఫెలోషిప్ ఎప్పుడు?

సంపాదకునికి,

పరిశోధన, ఆవిష్కరణల కోసం కేంద్రం 2025 జులైలో లక్ష కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. సంతోషం. అయితే అది ప్రధానంగా ప్రైవేటు రంగానికి తక్కువ వడ్డీకి, దీర్ఘకాలానికి ఇచ్చే అప్పు. అప్పు తెచ్చి అమ్మడానికైనా ముందు ప్రయోగశాలలో ఏదో ఒకటి పుట్టాలి కదా!

హైదరాబాద్ మందుల పరిశ్రమ ఆకాశం నుంచి ఊడిపడలేదు. ప్రభుత్వరంగ మందుల సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి (డాక్టర్ రెడ్డీస్ స్థాపకుడు) వంటివారే తర్వాత సొంత కంపెనీలు పెట్టారు. 1997లో శాంతా బయోటెక్నిక్స్ తెచ్చిన హెపటైటిస్-బి టీకా పరిశోధన కూడా కొంతకాలం హైదరాబాద్‌లోని ప్రభుత్వ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ గదుల్లో సాగినదే.

మా అమ్మాయి జీవశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. ఐదు నెలలుగా ఫెలోషిప్ (పరిశోధకులకిచ్చే నెలవారీ భృతి) అందలేదు. చిటికెన వేలంత ఎంజైము సీసా కోసం పెట్టిన కాగితం ఇంకా బల్లలు దాటుతోంది. కరెంటు పోతే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరులోని నమూనాలు పాడవుతాయని రాత్రిళ్లు అక్కడే కాపలా. (జనరేటర్ ఉంది, డీజిల్ లేదట.)

ఉద్యోగుల జీతాల్లాగే ఫెలోషిప్‌లనూ ప్రతి నెలా ఒకటో తేదీన ఖాతాలో వేయాలని, ప్రయోగశాలల చిన్న కొనుగోళ్లను ఆచార్యుల సంతకానికే వదిలేయాలని కోరుతున్నాను.

– ఒక పరిశోధక విద్యార్థిని తండ్రి, వరంగల్