అమ్మకే చెప్పిన డాక్టరమ్మకి, ఇంకొందరికి కృతజ్ఞతలు

నిన్నటి రిపోర్టులో అమ్మ క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష, ఎంత తగ్గితే అంత మంచిది) 2.4 వచ్చింది. నాలుగు నెలల కింద 3.6 ఉండేది. ఈ నాలుగు నెలల్లో మాకు సాయం చేసినవాళ్ళకి అందరి ముందూ దణ్ణం పెట్టుకోవాలని ఇది రాస్తున్నాను.

పోయినేడాది జ్వరమొస్తే అమ్మని ఒక ఆసుపత్రిలో చేర్చాం. డిశ్చార్జి రోజు అక్కడి డాక్టరు గారు అన్నయ్యని పక్కకి పిలిచి, "కిడ్నీలు కొంచెం దెబ్బతిన్నాయి. ఆవిడకి చెప్పకండి, టెన్షన్ పడతారు" అన్నారు. అన్నయ్య నాకు చెప్పాడు. ఇద్దరం కలిసి అమ్మ దగ్గర దాచాం. ఉప్పు తగ్గించమన్నాం గానీ ఎందుకో చెప్పలేదు. మోకాళ్ళ నొప్పులకి అమ్మ ఏళ్ళ తరబడి మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కుని వేసుకుంటోంది. అవి కిడ్నీలని ఇంకా పాడు చేస్తాయని మాకూ ఎవరూ చెప్పలేదు. తన కిడ్నీల సంగతే తెలియని మనిషి వాటిని ఎందుకు మానుతుంది? ఆర్నెల్లకి కాళ్ళు వాచిపోయాయి.

ఇంకో డాక్టరుకి చూపించాలంటే పాత కేస్ షీటు కావాలి. ఆ ఆసుపత్రికి వెళ్ళి అడిగితే ఇవ్వం అన్నారు. ఆ రాత్రి పదింటికి నా స్నేహితురాలి భర్త, ఖమ్మంలో లాయరు, ఫోన్లోనే దరఖాస్తు రాయించారు. వైద్య మండలి 2002 నియమాల ప్రకారం రోగి గానీ, రోగి తరఫు మనిషి గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. "నోటితో అడిగితే లాభం లేదమ్మా. కాగితం ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకో" అన్నారు. మూడో రోజు మధ్యాహ్నం కాగితాల కట్ట నా చేతికొచ్చింది. లాయరు అన్నయ్య గారూ, మీరు ఒక్క రూపాయి తీసుకోలేదు. మీ మేలు మరిచిపోను. కట్టలో రెండు పేజీలు లేవని గమనించి, మళ్ళీ వెతికి జిరాక్స్ తీసిచ్చిన రికార్డు రూము అక్కకి కూడా చాలా థాంక్స్.

ఇక కొత్త డాక్టరమ్మ. రిపోర్టులు చదివి, నా వైపు కాదు, అమ్మ వైపు కుర్చీ తిప్పుకున్నారు. "అమ్మా, మీ జబ్బు సంగతి మీకే చెప్పనా, మీ అమ్మాయికి చెప్పనా?" అని అడిగారు. "నాకే చెప్పు తల్లీ, ఒళ్ళు నాది కదా" అంది అమ్మ. డాక్టరమ్మ చీటీ వెనక చిక్కుడు గింజలా కిడ్నీ బొమ్మ వేసి, అది ఏం పని చేస్తుందో, ఎంత పాడైందో, పూర్తిగా నయం కాకపోయినా ఎలా నిలబెట్టుకోవచ్చో చెప్పారు. డయాలసిస్ మాట కూడా దాచలేదు. నొప్పి బిళ్ళల మాట రాగానే అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత సంచీలోంచి ఒక స్ట్రిప్పు తీసి బల్ల మీద పెట్టి, "ఇవేనా?" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

ప్రాణాపాయం లేనప్పుడు, మత్తులో ఉన్న మేజరు రోగి బదులు కన్నతల్లి ఆపరేషన్‌కి ఒప్పుకున్నా చెల్లదని 2008లో సమీరా కోహ్లి కేసులో సుప్రీంకోర్టు చెప్పిందని తర్వాత లాయరు గారి ద్వారా తెలిసింది. అన్నయ్యని పక్కకి పిలిచి చెప్పిన ఆ రోజు మా అమ్మ మత్తులో కూడా లేదు. పక్క గదిలో కూర్చుని కాఫీ తాగుతోంది.

డాక్టరమ్మా, ఆ బొమ్మ చీటీని అమ్మ మందుల డబ్బా మూత లోపల అతికించుకుంది. వచ్చే నెల మిమ్మల్ని అడగడానికి ఐదు ప్రశ్నలు రాసి పెట్టుకుంది. నన్ను చూడనివ్వడం లేదు.