గెలిచాక ఏడుపేంట్రా అన్నావుగా

తెనాలి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సాంబా,

ఫోన్లో నన్ను మాట పూర్తి చేయనివ్వవు, అందుకే ఉత్తరం. కాగితానికి నువ్వు అడ్డం పడలేవు కదా!

మొన్న మహిళల క్రికెట్ ప్రపంచకప్ సెమీఫైనల్ రాత్రి నువ్వన్న మాట జోరీగలాగా చెవి దగ్గరే తిరుగుతోంది. ఆస్ట్రేలియా మీద 339 కొట్టాలి. జెమీమా రోడ్రిగ్స్ 127తో నాటౌట్‌గా నిలబడి మ్యాచ్ గెలిపించింది. తర్వాత మైకు ముందు కూర్చుని, ఈ టోర్నీ పొడుగునా యాంగ్జయిటీతో అల్లాడానని, అమ్మకి ఫోన్ చేసి ఏడ్చేదాన్నని వెక్కుతూ చెప్పింది. మధ్యలో ఒక మ్యాచ్‌కి పక్కన కూడా కూర్చోబెట్టారు ఆ పిల్లని. నువ్వేమో "గెలిచాక ఏడుపేంట్రా, డబ్బున్నోళ్ళ రోగాలు కాకపోతే!" అన్నావు. మన కడప పిల్ల శ్రీచరణి వికెట్లు తీస్తే మాత్రం మీ వీధంతా వినిపించేలా అరిచావు.

సరే, డబ్బున్నవాడి సంగతే చెప్తా విను. రైఫిల్ షూటర్ అభినవ్ బింద్రా. ఇంటి దగ్గరే షూటింగ్ రేంజి ఉన్న కుటుంబం. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ఫైనల్‌కి మూడోవాడిగా వెళ్ళి ఏడోవాడిగా తేలాడు. తను నిలబడ్డ చోట నేలపలక కదిలిందని తర్వాత తెలిసింది. తర్వాతి ఒలింపిక్స్ జరిగే బీజింగ్ హాలు చాలా పెద్దదని, దానికి కళ్ళు అలవాటు పడాలని ఏకంగా పెళ్ళి మండపం అద్దెకి తీసుకుని సాధన చేశాడట! మనవాళ్ళు వడపప్పు పానకం పంచే చోట ఆయన తుపాకీ పట్టుకు నిలబడ్డాడన్నమాట. 2008 ఆగస్టు 11న ఆఖరి గుండు దగ్గరికి వచ్చేసరికి ఫిన్లాండ్ వాడూ ఈయనా సమానం. ఈయన 10.8 కొట్టాడు. వాడిది 9.7కి జారింది. ఒలింపిక్స్‌లో ఒక్కడిగా బంగారం తెచ్చిన మొదటి భారతీయుడు.

అప్పుడైనా హాయిగా ఉండాలి కదా. ఉండలేదు. ఓడినప్పుడు కాదు, గెలిచినప్పుడే తనకి మనసు బాగా దెబ్బతిందని ఆయనే చాలాచోట్ల చెప్పాడు. ఏళ్ళ తరబడి పొద్దున లేస్తే ఒకటే పని, ఒకటే గురి. అది చేతికొచ్చాక, రేపు లేచి ఏం చెయ్యాలి? లోపలంతా ఖాళీ. ఓడినవాడికి మళ్ళీ గెలవాలన్న కసైనా మిగులుతుంది. ఊరంతా దండలు వేస్తుంటే "నాకు బాగోలేదు" అని ఏ నోటితో అంటాడు చెప్పు?

కోహ్లీ సంగతీ అంతే. 2014 ఇంగ్లాండ్ టూర్ టెస్టుల్లో పది ఇన్నింగ్స్‌కి కలిపి 134 పరుగులు. చుట్టూ ఇంతమంది ఉన్నా లోకంలో నా అంత ఒంటరివాడు లేడనిపించిందని తర్వాతెప్పుడో చెప్పుకున్నాడు. జట్టుకి ఫిజియో ఉంటాడు, మసాజ్ చేసేవాడుంటాడు, మనసు చూసేవాడు మాత్రం అన్నిసార్లూ ఉండడు.

డ్రిల్లు మాస్టార్ని కాబట్టి నన్ను ఎక్కువ కుదిపింది మాత్రం అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్. టోక్యో ఒలింపిక్స్‌లో వాల్ట్ మీద, అదే చేతులాన్చి ఎగిరే బల్ల మీద, గాల్లో రెండున్నర చుట్లు తిరగాల్సింది, ఒకటిన్నరకే దిగిపోయింది. గాల్లో ఉండగా నేల ఎటుందో ఒంటికి తెలియకుండా పోయిందట. మెడ మీద పడితే మనిషి మిగలదు. అందుకే తప్పుకుంది. పిరికిదన్నారు జనం. ఆ పిల్లే 2024లో పారిస్ వెళ్ళి మూడు బంగారాలు తెచ్చుకుంది. తేకపోయినా ఆ రోజు తప్పుకోవడం తప్పు కాదు. ఆ ముక్క నాకు ఆలస్యంగా ఎక్కింది.

ఎందుకంటే, ఒక లాంగ్ జంప్ పిల్ల నా దగ్గరికొచ్చి "సార్, రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు, పిట్ చూస్తే గుండె దడగా ఉంటోంది" అంటే, ఇంకో రెండు రౌండ్లు కొట్టు, ఒళ్ళు అలిసిపోతే అదే పడుతుంది అన్నాను. ఆ ఏడాది తర్వాత గ్రౌండుకి రావడం మానేసింది. మా నాయనమ్మే నయం రా! దిగులు పట్టిందంటే దర్గాకి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించేది. కనీసం అదొక జబ్బని ఒప్పుకునేది.

ఇప్పుడు అసలు విషయం. ఇది రాయాలనే ఇంత సోది.

మనం డిగ్రీ ఫైనలియర్లో ఉండగా కబడ్డీ కప్పు తెచ్చాం గుర్తుందా? ఆఖరి రైడు నీదే. లారీ మీద ఊరేగించారు. ఆ తర్వాత దాదాపు నెల రోజులు రూములో గోడవైపు తిరిగి పడుకున్నావు. మెస్సుకి రాలేదు, గడ్డం తీయలేదు, కప్పు తీసుకెళ్ళి మంచం కిందకి తోసేశావు. ఏదో ప్రేమ వ్యవహారమనుకుని మేమంతా నవ్వుకున్నాం. పాటలు కూడా కట్టాం.

అప్పుడు నీకేమైంది రా? ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు నేను. ఫోన్లో వద్దులే, మళ్ళీ పెట్టేస్తావు. రాయి. లేదంటే శనివారం బస్సెక్కి వచ్చేస్తాను.

నీ
ప్రసాదు