మన జిల్లా లెక్క ఎక్కడుందంటే

విల్సన్ గార్డెన్, బెంగళూరు

రేయ్ మామా,

నీ ఉత్తరం అందింది. ఏరియా ఆసుపత్రిలో తాగుడు మాన్పించే వార్డు పెట్టమని సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇస్తే, "ఎంతమందికి అవసరమో లెక్క తెండి" అన్నారని రాశావు. నేను డేటా పనిలోనే ఉన్నాను కదా, ఆ లెక్క నన్ను పంపమన్నావు. పంపుతాను. అయితే ఏ అంకె ఎక్కణ్ణించి వచ్చిందో తెలియకుండా తీసుకెళ్తే, రెండో ప్రశ్నకే నువ్వు తడబడాల్సి వస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

మానసిక ఆరోగ్యం మీద జాతీయ సర్వే 2015-16లో జరిగింది. చేసింది ఇక్కడి మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లే. 12 రాష్ట్రాల్లో 39,532 మందిని కలిశారు. పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి అప్పటికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. తాగుడు జబ్బుగా మారినవాళ్లలో 86 శాతం మందికి చికిత్సే అందడం లేదని తేలింది. మంచి సర్వే అది, శ్రద్ధగా చేశారు. కానీ ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్ర లేదు, తెలంగాణ లేదు. కర్ణాటక కూడా లేదు. ముందస్తు ప్రయోగం మాత్రం మన పక్కనున్న కోలారు జిల్లాలో చేశారు. తెలుగువాళ్లకు దగ్గరి అంకె కావాలంటే తమిళనాడుదో ఛత్తీస్‌గఢ్‌దో చూసుకోవాలి.

రెండోది మత్తు పదార్థాల సర్వే. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు చేశారు, రిపోర్టు 2019 ఫిబ్రవరిలో వచ్చింది. ఇందులో అన్ని రాష్ట్రాలూ ఉన్నాయి. 186 జిల్లాలు, రెండు లక్షల ఇళ్లు, 4,73,569 మంది. పదేళ్ల నుంచి డెబ్బై అయిదేళ్ల వయసువాళ్లలో 14.6 శాతం, అంటే సుమారు 16 కోట్ల మంది తాగుతున్నారని చెప్పింది. నీ అర్జీకి పనికొచ్చే వాక్యం ఇంకొకటి ఉంది. తాగుడు లేనిదే ఉండలేని స్థితికి చేరినవాళ్లలో 38 మందికి ఒక్కరే ఏదో ఒక సాయం పొందారట. ఆసుపత్రిలో చేరి వైద్యం చేయించుకున్నది 180 మందికి ఒక్కరు. ఈ రెండు అంకెలూ ఎర్ర ఇంకుతో రాసుకో. వార్డు ఎందుకో అడిగినవాళ్లకు అదే జవాబు.

ఇక అసలు బాధ చెప్తాను. ఇంత పని చేసి, ఇంతమంది ఇంటి గడప తొక్కి తెచ్చిన సమాచారం మన చేతికి పీడీఎఫ్‌గా వస్తుంది. వాళ్లు వేసుకున్న ప్రశ్నలకు జవాబులు అందులో ఉంటాయి. నీ ప్రశ్న వేరు. పాతికా నలభై ఏళ్ల మధ్య కూలి పని చేసే మగవాళ్లలో ఎంతమంది ఆ స్థితిలో ఉన్నారు? మానాలని ప్రయత్నించి కుదరనివాళ్లు ఎందరు? అదంతా పట్టికల కింద ఉన్న ముడి డేటాలోంచి, అంటే ఒక్కో మనిషి చెప్పిన జవాబుల ఫైల్లోంచి తీయాలి. ఎవరైనా దించుకోగల ఫైలు కోసం రెండు సర్వేలకూ వెతికాను, నాకు దొరకలేదు.

అమెరికాలో ఇలాంటి సర్వే 1971 నుంచీ ఉంది. ఏటా సుమారు డెబ్బై వేల మందిని అడుగుతారు. పేర్లు తీసేసిన ఫైళ్లను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు కూడా వాటి మీదే లెక్కలు నేర్చుకుంటారు. అలాగని ఆ ఫైలు చూసి ఒహాయో రాష్ట్రంలో ఎంతమంది తాగుతారో చెప్పలేరులే, ఎందుకంటే అందులో రాష్ట్రం పేరు కూడా ఉంచరు. ఎవరు ఏం చెప్పారో బయటపడకుండా కొన్ని వివరాలు కావాలనే మారుస్తారు కూడా. రాష్ట్రాల వివరం కావాలంటే అనుమతి తీసుకుని కాపలా ఉన్న చోట కూర్చుని చూడాలి. "తన తాగుడు సంగతి చెప్పినోడి పరువు పోదా" అని నువ్వు అడిగావు చూడు, దానికి ఇదే జవాబు. గుట్టు కాపాడుతూనే డేటా ఇవ్వొచ్చు, పద్ధతులు ఎప్పుడో కనిపెట్టారు. అలాగని అక్కడంతా నిశ్చింతగా ఉందనుకోకు. 2025లో ఆ సర్వే చూసే బృందాన్నే ఉద్యోగాల్లోంచి తీసేశారు.

మన దగ్గర చేయలేరా అంటే, చేశారు! జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడు. అయిదో విడతలో ఆరు లక్షలకు పైగా ఇళ్లకు వెళ్లారు. తాగుడు, పొగాకు గురించీ అడిగారు. తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం తాగుతారన్న మాట అక్కడిదే. జిల్లాకొక షీటు ఉంది, నీకు పాత అనంతపురం జిల్లాది జత చేస్తున్నా. మన శ్రీ సత్యసాయి జిల్లా దాన్నుంచి విడిపోయి 2022లో వచ్చింది కాబట్టి అందులో ఉండదు, ఈ మాట ముందే చెప్పెయ్. ఇంకో సంగతి, అది తాగేవాళ్ల లెక్క, జబ్బు పడినవాళ్ల లెక్క కాదు. రెండూ కలపొద్దు. ఈ సర్వే ముడి డేటా కూడా ఉచితమే, కానీ పంచింది అమెరికా డబ్బుతో నడిచిన కార్యక్రమం. 2025లో ఆ డబ్బు ఆగేసరికి కొత్తవాళ్లు పేరు నమోదు చేసుకునే దారి మూసుకుపోయింది. మన ఇళ్ల సమాచారం కోసం మనం వేరే దేశం బడ్జెట్ వైపు చూడాలా మామా? నాకు నిజంగా కోపం వచ్చింది.

నేనింత పట్టుదలగా ఉండటానికి కారణం ఉంది. నిమ్హాన్స్ ముందు బస్టాపులో పొద్దున్నే నిలబడితే మన యాస వినిపిస్తుంది. కదిరి, హిందూపురం, మదనపల్లి నుంచి రాత్రి బస్సెక్కి కొడుకునో మొగుణ్ణో తీసుకొచ్చిన ఆడవాళ్లు. చేతిలో సంచి, పాత చీటీలు. వాళ్లు ఆసుపత్రి రిజిస్టర్లో ఎక్కుతారు. ఛార్జీలు లేకో, సిగ్గుపడో, రోజు కూలి పోతుందనో రానివాళ్లు ఏ రిజిస్టర్లోనూ ఉండరు. వాళ్లని లెక్కలోకి తెచ్చేది ఇంటింటి సర్వే ఒక్కటే. దాన్ని మనకి చూడనివ్వకపోతే, ఆ మనుషుల్ని రెండోసారి కనబడకుండా చేసినట్టే.

ఇప్పుడు చేయాల్సింది. ప్రజాధనంతో సేకరించిన, గోప్యం కాని డేటా జనానికి ఇవ్వాలని 2012 నాటి కేంద్ర విధానమే ఉంది. దాన్ని ప్రస్తావిస్తూ సామాజిక న్యాయ శాఖకి సమాచార హక్కు దరఖాస్తు రాశాను. పేర్లు, ఊళ్లు అడగలేదు. ఆంధ్రప్రదేశ్ వరకు వయసు, చదువు, పని వారీగా పట్టికలు, అవి ఇచ్చేలోపు ముడి ఫైలు ఎవరికి ఏ షరతుల మీద ఇస్తారో చెప్పమన్నాను. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి నీ పేరుతో పంపు, ఆ జిల్లా మనిషి అడిగితేనే బాగుంటుంది. 186 జిల్లాల శాంపిల్ కాబట్టి జిల్లా అంకె అడిగితే నిలబడదు, అందుకే రాష్ట్రం అని రాశాను, మార్చొద్దు.

అర్జీకి నీ వైపు నుంచి ఒకటి కావాలి. ఏరియా ఆసుపత్రి క్యాజువాలిటీలో పోయినేడాది తాగుడు వల్ల వచ్చిన కేసులు నెలవారీగా ఎన్నో, పేర్లు లేకుండా, సూపరింటెండెంటు గారిని అడిగి రాసుకురా. ఈలోగా మీ వీధి చివరింటి అక్క తమ్ముడి గురించి రాశావు కదా, వాళ్లకి 14416 నంబరివ్వు. టెలిమానస్ అది, ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, తెలుగులోనే మాట్లాడతారు. వార్డు వచ్చేదాకా ఆగమనకు.

అమ్మకు నమస్కారాలు చెప్పు.

నీ మామ