ఈ వేసవిలో మేలట్టూరు వెళ్దామా?

అందరికీ నమస్కారం. ఎండాకాలం చూడదగ్గ ఉత్సవాలు ఏమున్నాయని మొన్న అడిగారుగా, నా ఓటు మేలట్టూరు భాగవత మేళా అనే నాటకాల ఉత్సవానికి. తంజావూరు దగ్గర చిన్న ఊరది. నాయకరాజు అచ్యుతప్ప తెలుగు కుటుంబాలకు ఇచ్చిన అగ్రహారం. ఏటా నృసింహ జయంతికి వరదరాజ పెరుమాళ్ గుడి ముందు రాత్రిళ్లు నాటకాలు వేస్తారు. చుట్టూ తమిళం, వేదిక మీద మాత్రం తెలుగు! మేలట్టూరు వెంకటరామశాస్త్రి రాసినవే. ఆడవేషాలూ మగవాళ్లే కడతారు.

జయంతి రాత్రి ఆడే ప్రహ్లాద చరిత్రం మిస్ కావద్దు. నరసింహుడి వేషానికి పెట్టుకునే ముఖపు తొడుగుకి గుడిలో పూజ చేస్తారు, ఆ వేషం కట్టేవారు ఉపవాసం ఉంటారు. స్తంభం ఘట్టం వచ్చేసరికి తెల్లవారుజాము అవుతుంది కాబట్టి మధ్యాహ్నమే ఓ కునుకు తీయండి. పిల్లలు నిద్రపోతే పోనివ్వండి, ఆ సీనుకి లేపితే చాలు.

చెన్నై నుంచి తంజావూరుకి రాత్రి రైళ్లున్నాయి, బస కూడా అక్కడే నయం. అంత దూరం కుదరనివాళ్లు వైశాఖ పౌర్ణమికి, అంటే అన్నమయ్య జయంతికి, రాజంపేట దగ్గర తాళ్లపాక వెళ్లొచ్చు. 108 అడుగుల అన్నమయ్య విగ్రహం, సంకీర్తనలు, రెండూ అయిపోతాయి.

సెలవుల్లో టికెట్లు దొరకవు. వచ్చేవాళ్లు ఆదివారంలోగా ఇక్కడే పేరు పెట్టండి.