తేదీ చూడకుండా ముందుకు తోసిన వార్త

సంపాదకుడు గారికి,

సెర్చ్‌లో మొదట కనిపించే వార్తను ధైర్యంగా నమ్మొచ్చన్నట్టు పోయిన ఆదివారం మీ పత్రికలో వ్యాసం వేశారు. రాద్దామా వద్దా అని నాలుగు రోజులు ఆగాను. గురువారం మా అపార్ట్‌మెంట్‌లో జరిగింది చూశాక ఇక ఊరుకోలేకపోతున్నాను.

మాది మురళీనగర్. ఆ సాయంత్రం మూడో అంతస్తు ఆవిడ మా వాట్సాప్ గ్రూపులో ‘విశాఖ వాసులకు బిగ్ అలర్ట్.. రెండు రోజులు నీళ్లు బంద్’ అని ఒక లింకు పెట్టారు. నిజమో కాదో చూద్దామని తలా ఒకరు ఫోన్‌లో వెతికారు. అందరికీ పైన అదే వచ్చింది. దాంతో నమ్మేశారు. బకెట్లు, బిందెలు, డ్రమ్ములు, అటక మీది గంగాళం కూడా దించి నింపారు. అన్ని ఇళ్లవాళ్లూ ఒకేసారి కుళాయిలు తిప్పేసరికి రాత్రి తొమ్మిదికల్లా పైన ట్యాంకు ఖాళీ, కింద సంపు అడుగంటింది. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఒంటరిగా ఉండే పెద్దావిడకు వాట్సాప్ లేదు. తెల్లారి మొహం కడుక్కుందామని కుళాయి తిప్పితే గాలి వచ్చింది.

కళ్లజోడు పెట్టుకుని ఆ పేజీ కిందిదాకా జరిపాను. నాలుగైదు ప్రకటనలు దాటాక బూడిద రంగులో, చీమ తలకాయంత అక్షరాల్లో తేదీ ఉంది. నిరుటిది! ఈసారి నీళ్లు ఆపింది గాజువాక వైపు, అదీ ఒక్క పూట. ఆ సంగతి మీ జిల్లా పేజీలోనే నాలుగు లైన్లలో సరిగ్గా వచ్చింది. మీ విలేకరి ఎవరో గానీ, ఏ వీధులకు రాదో పేర్లతో సహా కనుక్కుని రాశారు. నెట్‌లో మాత్రం ఆ నాలుగు లైన్లు ఎంత వెతికినా నాకు దొరకలేదు.

సెర్చ్‌లో వార్తల వరస ఎలా కుదురుతుందో మా అబ్బాయి పక్కన కూర్చుని చెప్పించుకున్నాను. 1998లో గూగుల్ పెట్టిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్‌ల మొదటి లెక్క ప్రకారం, వేరే పేజీలు ఇచ్చే లింకు ఓటు లాంటిది. పేరున్న పేజీ ఓటుకు బరువు ఎక్కువ. ఇప్పుడు దానితోపాటు వెతికిన మాటలు, వార్త ఎంత తాజాది, రాసిన సంస్థకు ఆ విషయంలో ఎంత పేరుంది, మనం ఏ ఊళ్లో ఉన్నాం ఇలా చాలా చూస్తారు. మరి గాజువాక నీళ్ల వార్తకు లింకు ఇచ్చేదెవరు? ఎక్కడో కూర్చుని దాన్నే తిరగరాసి ‘బిగ్ షాక్’ అని హెడ్డింగ్ తగిలించే సైటు ముందుకొస్తుంది. ఎండలో తిరిగి రాసిన మనిషి వెనక్కి పోతాడు.

వార్తను మొదట తెచ్చినవారికి ఎక్కువ చోటు ఇస్తామని 2019 సెప్టెంబరులో గూగులే ప్రకటించింది. ఫలితాలకు మార్కులు వేసేవాళ్లు ప్రపంచమంతా కలిపి 10 వేల మందికి పైగా ఉన్నారనీ చెప్పింది. ఆ మార్కులు వరసను నేరుగా మార్చవట. పాత వార్తను కాస్త కదిపి కొత్తదిగా చూపించొద్దని సైట్లకు చెప్పేదీ వాళ్లే. మంచి మాటలే. మన తెలుగు వార్తల దగ్గర అవి అమలు కావాలి.

తెలుగుకు ఉన్న చిక్కు వేరే. మన ఊరికే విశాఖపట్నం, విశాఖ, వైజాగ్ అని మూడు పేర్లు; మా తరం వాల్తేరు అని కూడా అంటుంది. విశాఖలో, విశాఖకు, విశాఖవాసులకు అని ప్రతి మాటకూ ఒక తోక. సగం మంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. ఇవన్నీ ఒకటేనని మిషన్ పోల్చుకోవాలి.

అధికారుల సంగతీ చెప్పాలి. నీళ్లు ఆపే ఆఫీసువాళ్లు కాగితం మీద సంతకం పెట్టి, స్టాంపు వేసి, ఫొటో తీసి గ్రూపుల్లో పడేస్తారు. ఆ ఫొటో వంకర. వార్డు నంబరు మీద ఎవరిదో బొటనవేలి నీడ. వెబ్‌సైట్ చూద్దామంటే ఎప్పటివో టెండర్లు. ఫోన్ చేస్తే ‘పేపర్లో ఇచ్చాం కదండీ’ అన్నారు. అదే ప్రకటనను తెలుగులో టైపు చేసి, తేదీ, వీధుల పేర్లతో పెడితే వెతికినవాళ్లకు అసలు కబురే దొరికేది కదా! నేను 30 ఏళ్లు ఇన్‌వర్డ్ సెక్షన్‌లో చేశాను. తేదీ లేని కాగితం మా టేబుల్ దాటేది కాదు.

2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో గ్యాస్ లీకైనప్పుడు మా చెల్లెలు వాళ్లు గోపాలపట్నంలో ఉన్నారు. ఇంటికి వెళ్లొచ్చా, ఇంకా దూరం పోవాలా అని రోజంతా రోడ్డు మీద ఫోన్ చూస్తూ గడిపారు. పొద్దుటి వార్త, సాయంత్రం వార్త కలగలిసి వస్తుంటే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో మాకు తెలుసు.

సెర్చ్‌లో పక్షపాతం చూపిందని, కంపెనీల మధ్య పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 2018లో గూగుల్‌కు 135.86 కోట్ల రూపాయల జరిమానా వేసింది. వార్తా సంస్థల ఫిర్యాదు మీద 2022 జనవరిలో విచారణకు ఆదేశించింది. అదే కంపెనీ మన విశాఖలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని 2025 అక్టోబరులో ప్రకటిస్తే మా వీధిలో అందరం సంతోషించాం. మన నాయకులు వాళ్లతో కూర్చున్నప్పుడు భూమి, కరెంటుతోపాటు ఈ మాట కూడా ఎత్తాలి: విశాఖ వార్తను విశాఖలో తిరిగి రాసినవారిని ముందు చూపించండి, తేదీని హెడ్డింగ్ పక్కనే చూపించండి అని.

మీరూ మీ వెబ్‌సైట్‌లో తేదీ, సమయం పైనే పెద్దగా వేయండి. జిల్లా పేజీలో వచ్చే నాలుగు లైన్ల వార్తను కూడా విలేకరి పేరుతో విడిగా పెట్టండి. ఆదివారం వ్యాసానికి సవరణ వేయండి.

గ్రౌండ్ ఫ్లోర్ పెద్దావిడ కోసం పేపరు అబ్బాయితో మాట్లాడాను. ఒకటో తారీఖు నుంచి ఆవిడకు మీ పత్రికే వేస్తాడు.

– ఒక పాఠకుడు, మురళీనగర్, విశాఖపట్నం